రైలు ఎన్నింటికి? కాశీయాత్ర నుంచి తంజోంగ్ పగార్ దాకా

సింగపూరులో పెరుగుతున్న మన పిల్లలను "టైం టేబుల్ అంటే ఏమిటి?" అని అడిగి చూడండి. సోమవారం మొదటి పీరియడ్ మ్యాథ్స్, రెండోది సైన్స్ అని గడగడా అప్పజెబుతారు. రైలుకి కూడా టైం టేబుల్ ఉంటుందనీ, అది అచ్చయి పుస్తకంగా అమ్ముడుపోయేదనీ చెబితే వింతగా చూస్తారు. వాళ్ళ తప్పేం లేదు. ఎం.ఆర్.టి. ప్లాట్‌ఫారం మీద నిలబడితే వచ్చే రైలు ఇంకెన్ని నిమిషాల్లోనో బోర్డు మీద వెలుగుతూ ఉంటుంది. అది తప్పిపోతే వెనకాలే ఇంకొకటి. ఇక పుస్తకంతో పనేముంది?

మా ఇంట్లో మాత్రం గోడగూట్లో రెండే రెండు పుస్తకాలు ఎప్పుడూ చేతికందేలా ఉండేవి. ఒకటి పంచాంగం, రెండోది రైల్వే గైడు. వర్జ్యం, దుర్ముహూర్తం ఒక దాంట్లో చూసి, బండి వేళ రెండో దాంట్లో చూసి, రెండూ కుదిరితేగాని మా తాతగారు ప్రయాణానికి ఒప్పుకునేవారు కాదు. రెండూ కుదరకపోతే పంచాంగమే కాస్త సర్దుకునేది, ఎందుకంటే బండి మన కోసం ఆగదు కదా! మంచి ఘడియలో చేతిసంచీ ఒకటి పొరుగింట్లో పెట్టి వచ్చి, "బయల్దేరినట్టే" అనుకుని, అసలు ప్రయాణం బండి వేళకి చేసేవాళ్ళం.

ఆ రెండో పుస్తకం సంగతే ఈసారి పిల్లలకీ పెద్దలకీ చెబుదామనుకుంటున్నాను.

మూడేళ్ళు, మూడు పుస్తకాలు

1836లో లండన్‌లో జాన్ ముర్రే అనే ప్రచురణకర్త యూరప్ ప్రయాణీకుల కోసం ఎర్ర అట్ట హ్యాండ్‌బుక్ ఒకటి తెచ్చాడు. ఎక్కడ బస చెయ్యాలి, ఏది చూడాలి, ఏ దారిన పోవాలి అన్నీ అందులో ఉండేవి. ఇంచుమించు అదే కాలంలో జర్మనీలో కార్ల్ బేడెకర్ కూడా అలాంటి పుస్తకాలే మొదలుపెట్టాడు. 1839 అక్టోబరులో మాంచెస్టర్‌లో జార్జ్ బ్రాడ్‌షా అనే పటాల రూపకర్త రైళ్ళ వేళలన్నీ ఒకచోట చేర్చి ఓ చిన్న పుస్తకం అచ్చువేశాడు. వెల ఆరు పెన్నీలు. అంతకు ముందు ఏ కంపెనీ రైలు వేళలు ఆ కంపెనీ కాగితం అంటించి చెప్పేది. అన్నీ కలిపి ఒక పుస్తకంగా చూడడం జనానికి కొత్త. 1841 నుంచి అది నెలనెలా రావడం మొదలైంది. ఇంగ్లండులో "బ్రాడ్‌షా" అంటే మనిషి పేరు అన్న సంగతి మరిచిపోయి, టైం టేబుల్‌కే ఆ పేరు స్థిరపడిపోయింది. బ్రాడ్‌షా 1853లో నార్వే వెళ్ళి కలరా సోకి చనిపోయాడు. ఆయన పుస్తకం మాత్రం 1961 దాకా వస్తూనే ఉంది.

ఈ రెండిటి మధ్యలో, 1838లో, మద్రాసులో ఒక తెలుగు పుస్తకం అచ్చయింది. అదే ఏనుగుల వీరాస్వామి గారి "కాశీయాత్ర చరిత్ర". ప్రపంచ యాత్రా మార్గదర్శకాల చరిత్ర రాసేవాళ్ళు ముర్రేనీ బేడెకర్‌నీ బ్రాడ్‌షానీ తలుచుకుంటారు గానీ, వీరాస్వామి గారిని తలుచుకోరు. మనమైనా తలుచుకుందాం.

వీరాస్వామి గారు మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్. అంటే దుబాసీ ఉద్యోగం. ఆయన 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. కుటుంబం, బంధువులు, పరివారం, పల్లకీ మోసే బోయీలు అంతా కలిపి సుమారు వంద మంది. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ మీదుగా కాశీ చేరారు. అక్కణ్ణుంచి గయ, కలకత్తా చూసుకుని, తూర్పు తీరం వెంట పూరీ, శ్రీకాకుళం, రాజమండ్రి, నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. అప్పటికి మన దేశంలో ప్రయాణీకుల రైలనేదే లేదు.

దారి పొడుగునా ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె గారికి సంగతులు రాస్తూ వచ్చారు. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, దారి గులకరాళ్ళదా రేగడి నేలా, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ సత్రం ఉంది, ఏ ఊళ్ళో బియ్యం పప్పు కొనుక్కోవచ్చు, ఏ నదిని ఎలా దాటాలి, అక్కడ ఎవరి అధికారం నడుస్తోంది... ఇలా రాశారు. పండితుల కోసం గ్రాంథికంలో కాదు, మాట్లాడుకునే తెలుగుకు దగ్గరగా రాశారు. తన వెనక రాబోయేవాడికి పనికిరావాలన్న తాపత్రయం పేజీ పేజీకీ కనిపిస్తుంది. "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం" అనే సామెత ఊరికే పుట్టలేదు. దారి తెలియక, ముందు ఊళ్ళో తిండి దొరుకుతుందో లేదో తెలియక, ఏటి ఒడ్డున ఎన్నాళ్ళు ఆగాలో తెలియక మనుషులు నిజంగానే పోయేవారు. అలాంటి రోజుల్లో ముందు మజిలీలో ఏముందో చెప్పే పుస్తకం ఎంత ధైర్యమో ఒక్కసారి ఊహించుకోండి.

వీరాస్వామి గారు 1836లో కాలం చేశారు. తన పుస్తకం అచ్చులో ఆయన చూసుకోలేదు. శ్రీనివాస పిళ్ళె గారే పూనుకుని 1838లో వేయించారు. 1869లో మరోసారి అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు పరిష్కరించి, వివరణలు చేర్చి మళ్ళీ తెచ్చారు. మన చేతికి అందింది ముఖ్యంగా ఆయన చలవ వల్లే.

మూడు పుస్తకాలలో నాకు వీరాస్వామి గారిదే గొప్పగా తోస్తుంది, తెలుగువాణ్ణి కనుక పక్షపాతం అనుకున్నా ఫరవాలేదు. ముర్రే రాయించింది విలాసయాత్రకి పోయే దొరల కోసం. బ్రాడ్‌షా వేసింది రైలు టికెట్టు కొనగలిగినవాడి కోసం. వీరాస్వామి గారు నడిచి పోయేవాడి కోసం కూడా రాశారు.

గడియారం కుదరాలి కదా!

1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందరు నుంచి ఠాణాకి మన దేశపు మొదటి ప్రయాణీకుల రైలు నడిచింది. దక్షిణాదిన 1856 జూలై 1న మద్రాసు రాయపురం నుంచి ఆర్కాటు వైపు మొదటి బండి కదిలింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకి నిజాం రైలు వచ్చింది, 1889కి అది బెజవాడ చేరింది. 1890ల్లో తూర్పు తీరం లైను పడింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద వంతెన, 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవలాక్ వంతెన వచ్చాయి. వీరాస్వామి గారు పడవలు ఎక్కి దిగిన నదుల మీద ఇప్పుడు బండి ఆగకుండా పోసాగింది. కాశీయాత్ర నెలల లెక్కలోంచి రోజుల లెక్కలోకి వచ్చింది.

రైలు వచ్చింది సరే, వేళ మాటేమిటి? పిల్లలూ, ఇక్కడొక తమాషా ఉంది. మీరు విజయవాడలో ఉన్న అమ్మమ్మకి ఫోను చేసేటప్పుడు రెండున్నర గంటలు తీసేసి చూసుకుంటారు కదా! ఆ రోజుల్లో ఒక్క భారతదేశంలోనే ఊరికో గడియారం. ఏ ఊళ్ళో సూర్యుడు నడినెత్తికి వస్తే ఆ ఊరికి అది మధ్యాహ్నం పన్నెండు. మద్రాసులో పన్నెండైతే బొంబాయిలో పదకొండున్నర. కలకత్తాలో పన్నెండున్నర దాటిపోయేది. మరి బొంబాయి నుంచి కలకత్తా పోయే బండికి టైం టేబుల్ ఏ ఊరి గడియారంతో రాయాలి?

చివరికి రైళ్ళు మద్రాసు గడియారాన్ని పట్టుకున్నాయి. మద్రాసు సమయం ఇటు బొంబాయికీ అటు కలకత్తాకీ ఇంచుమించు నడిమధ్యన ఉంటుంది. పైగా నుంగంబాకంలో 1792 నాటి ఖగోళ వేధశాల ఉంది. అక్కడి నుంచి తంతి ద్వారా సరైన వేళ స్టేషన్లకు అందేది. అలా పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాలలో దేశమంతటా రైల్వే టైం టేబుళ్ళు "మద్రాసు టైం"లోనే అచ్చయ్యేవి. 1906 జనవరి 1 నుంచి ఇప్పటి భారత ప్రామాణిక కాలం వచ్చింది. అది మద్రాసు టైం కన్నా తొమ్మిది నిమిషాలు ముందు. కలకత్తా మాత్రం తన సొంత గడియారాన్ని 1948 దాకా, బొంబాయి 1955 దాకా వదల్లేదు. స్టేషన్లో ఒక టైం, వీధిలో ఒక టైం అన్నమాట.

సింగపూరు గడియారం కథ ఇంకా చిత్రం. 1905 జూన్ 1న ఇక్కడా మలయాలోనూ గ్రీనిచ్ కన్నా సరిగ్గా ఏడు గంటలు ముందుండేలా కుదిర్చారు. 1933లో ఇరవై నిమిషాలు, 1941లో మరో పది నిమిషాలు జరిపారు. 1942లో జపాను ఆక్రమణ రాగానే టోక్యో టైం పెట్టారు, అంటే ఒకేసారి గంటన్నర ముందుకి! యుద్ధం ముగిశాక మళ్ళీ వెనక్కి. 1982 జనవరి 1న మలేసియాతో పాటు సింగపూరూ అరగంట ముందుకి జరిగింది. బడికి బయల్దేరేటప్పుడు ఇంకా చీకటిగా ఎందుకుంటుందని మీరు అడుగుతుంటారు చూశారా, దానికి జవాబు ఇదే. మన గడియారం మన సూర్యుడి కన్నా గంటకి పైగా ముందు నడుస్తోంది.

ఎవరి కోసం అచ్చయింది?

ఇండియాలో రైల్వే గైడ్లు మొదటి నుంచీ ఇంగ్లీషులోనే ఎక్కువ. కలకత్తాలో డబ్ల్యు. న్యూమన్ కంపెనీ వారు "ఇండియన్ బ్రాడ్‌షా" అని ఇంగ్లండు పేరే పెట్టి తెచ్చారు. ముర్రే కంపెనీ 1859లో మద్రాసు, బొంబాయి రాష్ట్రాలకు హ్యాండ్‌బుక్ వేసింది. దాన్ని రాసింది ఎడ్వర్డ్ ఈస్ట్‌విక్. అసలు బ్రాడ్‌షా పేరుతో కూడా 1864లో మన దేశానికి గైడ్లు వచ్చాయి. 1844లో మద్రాసులో పెట్టిన హిగిన్‌బాతమ్స్ దుకాణం తర్వాత దక్షిణాది స్టేషన్లలో పుస్తకాల అంగళ్ళు తెరిచింది. ఉత్తరాదిన వీలర్ కంపెనీది అదే పని.

మరి బండి ఎక్కేవాళ్ళెవరు? రైళ్ళు వేసిన కొత్తలో "ఈ దేశంలో జనం రైలెక్కుతారా?" అని దొరలకి అనుమానం ఉండేదట. తీరా చూస్తే రైళ్ళని నింపింది మూడో తరగతి జనమే. తిరుపతికీ కాశీకీ పోయే యాత్రికులు, కూలికి పోయేవాళ్ళు, కూతుర్ని అత్తారింట దించడానికి పోయేవాళ్ళు. వాళ్ళలో చాలామందికి ఇంగ్లీషు గైడు సంగతి దేవుడెరుగు, అక్షరమే రాదు. వాళ్ళకి తెలిసిన పద్ధతి ఒక్కటే. పొద్దున్నే మూట కట్టుకుని స్టేషన్‌కి పోయి కూర్చోవడం, బండి ఎప్పుడొస్తే అప్పుడు ఎక్కడం. ప్లాట్‌ఫారం మీద పడుకున్న జనాన్ని చూసి "వీళ్ళకి కాలం విలువ తెలియదు" అని రాసిన దొరలున్నారు. కాలం చెప్పే పుస్తకం వాళ్ళ భాషలో వాళ్ళ చేతికి ఇవ్వకుండా అలా అనడం నాకైతే అన్యాయంగా అనిపిస్తుంది. గాంధీగారు మూడో తరగతిలో తిరిగి తిరిగి, ఆ పెట్టెల్లో మనుషులు పడే అవస్థల మీద 1917లో ఒక చిన్న పుస్తకమే వేశారు.

తర్వాత తర్వాత స్టేషన్ల బయట చిన్న చిన్న తెలుగు రైల్వే గైడ్లు వచ్చాయి. న్యూస్‌ప్రింట్ కాగితం, పల్చటి అట్ట, వెనక పేజీలో పళ్ళపొడి ప్రకటన. అక్షరాలు చీమల బారులా ఉండేవి. అయినా అవి "ఏలూరు, తాడేపల్లిగూడెం, నిడదవోలు" అని తెలుగులో ఉండేవి. ఆ తేడా చదివినవాళ్ళకే తెలుస్తుంది. మా బాబాయి ఒకాయన అలాంటి గైడు చేత్తో పట్టుకుని ఊరందరికీ ప్రయాణాలు కుదిర్చేవాడు. అంతటివాడూ ఒకసారి బోల్తా పడ్డాడు. పెళ్ళివారి బండి "0.20" అని ఉంటే, ఆదివారం అర్ధరాత్రి దాటాక అంటే సోమవారం అవుతుందన్న సంగతి మరిచి, ఇరవై మందిని వెంటేసుకుని ఒక రోజు ఆలస్యంగా స్టేషన్‌కి తీసుకుపోయాడు. ముహూర్తం వేళకి పెళ్ళికొడుకు అందాడు గానీ, ఎడ్లబండ్లూ లారీలూ ఎక్కి అందాడు. ఇరవై నాలుగు గంటల గడియారం ఎందుకు నేర్చుకోవాలో పిల్లలకి చెప్పాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1970ల చివర భారతీయ రైల్వే "ట్రైన్స్ ఎట్ ఎ గ్లాన్స్" తెచ్చింది. ముఖ్యమైన బండ్లన్నీ ఒకే పుస్తకంలో. దేశం విడిచి వచ్చిన మాలాంటి వాళ్ళకి అది పెన్నిధి. సెలవులకి నాలుగు నెలల ముందే సింగపూరులో భోజనాల బల్ల మీద దాన్ని పరుచుకుని, మద్రాసులో విమానం దిగాక ఏ బండి అందుతుంది, అది తప్పితే ఏది, గూడూరులో మారాలా బెజవాడలోనా అని లెక్కలు వేసుకునేవాళ్ళం. ప్రయాణంలో సగం సంతోషం ఆ లెక్కల్లోనే ఉండేది. ఇప్పుడు అది ఇంటర్నెట్ నుంచి దింపుకోవచ్చు. వేలితో జరిపి చూస్తే పని అవుతుంది గానీ, పక్క పేజీలో మనకి అక్కర్లేని బండి ఎక్కడికి పోతోందో చూసే సరదా పోయింది.

మలయాకి వచ్చిన తెలుగువాళ్ళు

సింగపూరులో మొదటి రైలు 1903 జనవరి 1న నడిచింది, ట్యాంక్ రోడ్డు వైపు నుంచి బుకిట్ తీమా దాకా. 1909కల్లా అవతల జొహోర్ బారు వరకు మలయా లైను పూర్తయింది. మధ్యలో జలసంధి. బండి దిగి పడవెక్కి, పడవ దిగి మళ్ళీ బండి ఎక్కాలి. కాబట్టి టైం టేబుల్‌లో రైలు వేళ, పడవ వేళ రెండూ జత కలవాలి. 1923లో కాజ్‌వే మీద రైళ్ళు నడిచాక ఆ బాధ తీరింది.

ఆ రోజుల్లో తెలుగువాళ్ళు ఇక్కడికి ఓడల్లో వచ్చేవారు. రబ్బరు తోటలకీ, లోయర్ పేరాక్‌లో కొబ్బరి తోటలకీ కూలీలుగా వచ్చారు. తెలుక్ అన్సన్ అనే రేవు పట్నానికి, అంటే ఇప్పటి తెలుక్ ఇంతాన్‌కి, తాపా రోడ్డు నుంచి ఒక చిన్న రైలు లైను ఉండేది. 1926 నుంచి 1973 దాకా నడిచిన "రజూలా" ఓడ పేరు మన పెద్దవాళ్ళలో ఇంకా కొందరికి గుర్తుంటుంది. మద్రాసు, నాగపట్నం నుంచి పెనాంగ్ మీదుగా సింగపూరు. ఓడల వేళల పట్టిక ఒకటి, రైళ్ళ వేళల పట్టిక ఒకటి. ఆ రెంటికీ నడుమ రేవులో, తెలియని భాషలో, ఒక ముల్లె పట్టుకుని నిలబడ్డ మనిషి ఒకడు. ఎక్కడ దిగాలో చెప్పేది పుస్తకం కాదు, తీసుకొచ్చిన కంగాణీ. అతను చెప్పిందే వేళ, అతను చూపిందే దారి. టైం టేబుల్ చదవగలగడం అంటే ఒకరి మీద ఆధారపడకుండా తిరిగిపోగలగడం అని నాకు ఆ చరిత్ర చదివినప్పుడే బాగా అర్థమైంది.

దొరలకి మాత్రం ఇక్కడ కూడా మంచి గైడ్లుండేవి. 1892లో రెవరెండ్ జి.ఎం. రీత్ అనే ప్రెస్బిటేరియన్ మతగురువు సింగపూరుకి ఒక హ్యాండ్‌బుక్ రాశాడు. 1907లో అది మళ్ళీ వచ్చింది. ఓడ దిగి ఒకటి రెండు రోజులుండే యాత్రికుడికి ఊరు చూపించే పుస్తకం. 1910లో మలయా రాష్ట్రాలకి హారిసన్ గైడు వచ్చింది.

మన కాలానికి వస్తే, ఈ ఊళ్ళోనే పుట్టిన ఒక గైడు ప్రపంచమంతా తిరిగింది. 1975లో టోనీ, మౌరీన్ వీలర్ అనే దంపతులు సింగపూరులో ఒక సందులోని చవక చైనా హోటలు గదిలో కూర్చుని, తక్కువ డబ్బుతో ఆగ్నేయాసియా ఎలా తిరగాలో పుస్తకం రాశారు. పసుపు అట్టతో వచ్చింది. అదే లోన్లీ ప్లానెట్ సంస్థకి గట్టి పునాది వేసింది. 1981లో వాళ్ళు ఇండియా గైడు తెచ్చారు. వీరాస్వామి గారిలాగే వీళ్ళూ చవకగా భోజనం ఎక్కడ, పడక ఎక్కడ, బండి ఎక్కడ అనే రాశారు. కాలం మారినా ప్రయాణీకుడి ఆకలి మారలేదు.

తంజోంగ్ పగార్

1932 మేలో తంజోంగ్ పగార్ స్టేషన్ తెరిచారు. ముందు గోడ మీద నాలుగు పాలరాతి బొమ్మలు. వ్యవసాయం, వాణిజ్యం, రవాణా, పరిశ్రమ. వాటితో పాటు ఎఫ్, ఎం, ఎస్, ఆర్ అనే నాలుగు అక్షరాలు, ఫెడరేటెడ్ మలయ్ స్టేట్స్ రైల్వేకి గుర్తు. సింగపూరు గడ్డ మీద ఉన్నా ఆ స్టేషన్ మలేసియా రైల్వేదే. 1998లో సింగపూరు తన ఇమిగ్రేషన్‌ని ఉడ్‌ల్యాండ్స్‌కి మార్చుకుంది, మలేసియా మాత్రం మార్చుకోలేదు. దాంతో ఒక విడ్డూరం జరిగేది. ప్రయాణీకుడు ముందు మలేసియాలో ప్రవేశించి, ఆ తర్వాత ఉడ్‌ల్యాండ్స్‌లో సింగపూరు నుంచి బయటపడేవాడు! ఏ గైడు పుస్తకం చదివినా ఆ పేరా దగ్గర రెండుసార్లు చదవాల్సి వచ్చేది.

మేము కౌలాలంపూరు ప్రయాణాలు అక్కడి నుంచే చేసేవాళ్ళం. మావాళ్ళకి టైం టేబుల్ చదవడం నేర్పింది అక్కడే. వేలు పెట్టి పై నుంచి కిందికి ఊళ్ళు, అడ్డంగా బండ్లు, రెండూ కలిసే గడిలో వేళ. "ఈ గడిలో గీత ఉందేం?" అంటే "అక్కడ ఆగదు" అని. అంత సులువు. 2011 జూన్ 30 రాత్రి చివరి బండి వెళ్ళిపోయింది. జొహోర్ సుల్తాను స్వయంగా ఇంజను నడిపారు. మర్నాటి నుంచి మలేసియా రైళ్ళు ఉడ్‌ల్యాండ్స్ దగ్గరే ఆగిపోయాయి. 2015లో అక్కడి నుంచి జొహోర్ బారుకి షటిల్ టెబ్రావ్ మొదలైంది, ప్రయాణం అయిదే నిమిషాలు. పట్టాలు తీసేసిన దారి ఇరవై నాలుగు కిలోమీటర్ల రైల్ కారిడార్ అయింది. ఆదివారం పొద్దున పిల్లల్ని తీసుకుని బుకిట్ తీమా పాత స్టేషన్ దాకా నడిచి చూడండి. అది కూడా 1932 నాటిదే. బాగుచేసి 2022లో తెరిచారు. ఒకే పట్టా మీద రెండు బండ్లు ఎదురుపడకుండా డ్రైవరుకి చేతితో టోకెన్ అందించే పాత పద్ధతి అక్కడ 2011 దాకా సాగింది.

పాత టైం టేబుళ్ళు చూడాలనిపిస్తే విక్టోరియా స్ట్రీట్‌లో నేషనల్ లైబ్రరీ ఉంది. వాళ్ళు పాత వార్తాపత్రికలని ఇంటర్నెట్‌లో పెట్టారు. రైలు వేళల ప్రకటనల పక్కనే ఓడల వేళలు కనిపిస్తాయి. చదువుతూ కూర్చుంటే పొద్దు తెలియదు.

ఒక చేతిరాత గైడు

2004లో మా అమ్మ మొదటిసారి సింగపూరు వచ్చింది. పగలంతా ఇంట్లో ఒక్కతే. మాకు ఆఫీసులు, పిల్లలకి బడి. అప్పట్లో ఇక్కడ బస్సులకీ రైళ్ళకీ ట్రాన్సిట్‌లింక్ గైడ్ అని చిన్న లావుపాటి పుస్తకం దొరికేది. చాలా మంచి పుస్తకం, కానీ అమ్మకి ఇంగ్లీషు రాదు. రెండు వారాలు కిటికీలోంచి చూస్తూ గడిపింది. "జైలు బాగానే ఉందిరా, ఏసీ కూడా ఉంది" అంది ఒకరోజు నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ రాత్రి ఒక నోటు పుస్తకంలో తెలుగులో రాసి ఇచ్చాను. "పసిర్ రిస్‌లో ఆకుపచ్చ గీత రైలు. ఇదే మొదటి స్టేషన్, కాబట్టి ఎటు ఎక్కాలన్న అనుమానం లేదు. అవుట్రం పార్కులో దిగాలి. ఊదా రంగు గీత పట్టుకుని నడవాలి. లిటిల్ ఇండియా దాటాక ఫేరర్ పార్కు. పైకి వస్తే పెరుమాళ్ కోవెల." స్టేషన్ల పేర్లు వరసగా తెలుగులో, పక్కన లెక్కపెట్టుకోవడానికి అంకెలు. తిరుగు ప్రయాణం వేరే పేజీలో కింద నుంచి పైకి. చివర మా ఫోను నంబరు. నాలుగో రోజుకి అమ్మ ఒక్కతే వెళ్ళి, పెరుమాళ్ళ దర్శనం చేసుకుని, సెరంగూన్ రోడ్డులో కరివేపాకూ ములక్కాడలూ కొనుక్కుని వచ్చింది. పొరుగు బ్లాకులో మరో ఇద్దరు అమ్మమ్మలు ఆ నోటు పుస్తకం అడిగి తీసుకుని నకలు రాసుకున్నారు. వాళ్ళలో ఒకావిడ ముస్తాఫాకి దారి కూడా చేర్చింది. అమ్మ ఇంటికి వెళ్ళేటప్పటికి అందులో పదకొండు పేజీలు నిండాయి.

ఇప్పుడు ఫోనుంది, దారి అదే చెబుతుంది. అయినా ఊరు నుంచి వచ్చే పెద్దవాళ్ళలో ఫోను తెర మీద వేలు జరపడం రానివాళ్ళు, చార్జీ అయిపోతే కంగారు పడేవాళ్ళు ఇంకా ఉన్నారు. పిల్లలూ, ఈ సెలవుల్లో మీ ఇంటికి వచ్చే తాతయ్యకో అమ్మమ్మకో అలాంటి పుస్తకం ఒకటి తయారు చెయ్యండి. తెలుగు రాయడం కష్టమనిపిస్తే అమ్మని అడగండి. ఏ ద్వారంలోంచి బయటికి రావాలో తప్పకుండా రాయండి, అసలు చిక్కంతా అక్కడే.

పోతే, మీకో చిన్న పజిల్. మన రైల్వే స్టేషన్లకు ఇంగ్లీషు అక్షరాలతో సంకేతాలుంటాయి, టికెట్టు మీద చూసే ఉంటారు. విజయవాడది "బి జెడ్ ఎ". విజయవాడలో బి ఎక్కడిది? పాత పేరు బెజవాడ కనుక. ఊరు పేరు మారినా టైం టేబుల్‌కి పాత పేరే గుర్తు. అలాగే ఈ నాలుగూ ఏ ఊళ్ళో చెప్పుకోండి: "సి సి టి", "ఇ ఇ", "సి హెచ్ ఇ", "ఎం టి ఎం".

జవాబులు: కొకనాడా, అంటే కాకినాడ టౌన్. ఎల్లోరు, అంటే ఏలూరు. చికాకోల్, అంటే శ్రీకాకుళం రోడ్డు. మసూలిపటం, అంటే మచిలీపట్నం.